నాలుగు పేర్లకు ఒక్క లైను

పేపరు అచ్చాఫీసులో ఆమె వేళ్లు సీసపు అక్షరాల గళ్లలోకి వెళ్లి వస్తున్నాయి. చూపు మాత్రం బల్ల మీద దారంతో కట్టి ఉన్న సీసపు లైను మీదే ఉంది: "స్వల్ప ప్రాణనష్టం." పదకొండేళ్ల కిందట దాన్ని పేర్చి కట్టింది ఆమే.

ఆ ఊళ్లో ఎగిరే వీరుడొకడున్నాడు. వారానికోసారైనా ఎవడో ఒక రాక్షసుడి ఎముకలు విరగ్గొడతాడు. సాయంత్రం పేపరుకు ప్రతిసారీ అదే వార్త. అందుకని "మళ్లీ కాపాడాడు!" అన్న శీర్షికనూ, అడుగున వేసే ఈ లైనునూ విప్పకుండా సొరుగులో ఉంచేది. పేజీ తొందరగా తెమిలేది. సంపాదకుడు అందరి ముందూ మెచ్చుకుంటే పొంగిపోయింది కూడా.

నిన్న వీరుడు విసిరిన బస్సు కొట్ల వరుస మీద పడింది. నలుగురు పోయారు. వాళ్లలో ఒకడు ఆమె మరిది, తాళాలు బాగుచేసేవాడు. శవాన్ని సాయంత్రంగానీ ఇవ్వరట. అత్తగారు ఏడవలేదు. ఒక్కటే అడిగింది: "వాడి పేరు పేపర్లో పడాలమ్మా. నీ చేతిలో పనేగా?"

సంపాదకుడు వచ్చాడు. "ఇంకా తెమల్లేదా? బస్సెత్తిన బొమ్మ పెద్దది చేయించాను. అదిరిపోయింది."

"పోయినవాళ్ల పేర్లు వేద్దామండీ."

"చోటేదమ్మా? ఉన్నది ఒక్క లైను. దానికి నువ్వు కట్టిపెట్టింది ఉండనే ఉందిగా!"

ఆమె చెంప ఛెళ్లుమన్నట్టయింది.

"ఎగిరే అల్లుడికి మాత్రం అరపేజీ మర్యాదలు," అని పక్క బల్ల దగ్గర ప్రెస్సు ఫోర్‌మన్ గొణిగాడు.

ఆమె దారం విప్పింది. ఒక్కొక్క అక్షరాన్నీ దాని గడిలో వేసింది. ఆ చోట మరిది పేరొక్కటే అయితే లావు అక్షరాల్లో నిండుగా పడుతుంది. అత్తగారు సులువుగా చదువుకుంటుంది. సగం పేరు పేర్చాక చెయ్యి ఆగింది. మిగతా మూడిళ్లలోనూ ఎవరో ఒకరు పేపరు తెరుస్తారు. ఈ పదకొండేళ్లలో అలా ఎన్ని ఇళ్లలో పేరు కోసం పేపరు తెరిచి చూశారో!

పేర్చింది విప్పేసి, కోర్టు నోటీసులకు వాడే సన్న అక్షరాలు తీసింది. నాలుగు పేర్లు. వయసు లేదు, పని లేదు. లైను అంచుదాకా నిండింది, మధ్యలో వెంట్రుక కూడా దూరదు.

సంపాదకుడు ప్రూఫు చూశాడు. "చీమ తలకాయల్లా ఉన్నాయి. ఎవరు చదువుతార్లే, పోనీ."

ఆయన వెళ్లాక ఫోర్‌మన్ అడిగాడు. "మీవాడిదేది?"

"మూడోది, బాబాయ్."

"ముందు పెట్టుకోకపోయావా?"

"అక్షర క్రమంలో అక్కడే వచ్చింది."

అత్తగారు చదవాలంటే ఇంటికంతటికీ ఉన్నది ఒక్కటే భూతద్దం. తాళాల్లోకి చూడ్డానికని మరిది బస్సు పడ్డ ఆ కొట్లోనే పెట్టుకున్నాడు. ఆమె పేజీ చట్రం బిగించి, సుత్తితో తట్టి చూసింది. ఏదీ కదల్లేదు. రెండు చేతులా ఎత్తి మిషను మనిషికి అందించింది.