నేను దాచిన రెండో మాట

మా జంతుశాస్త్రం మేడంగారిని నా నోరే చంపిందని ఊళ్లో అంటున్నారు. మొన్న మంగళవారం మద్రాసు ఆసుపత్రిలో ఆమె గుండెను ఆపి కవాటం మార్చారు. ఆ గుండె మళ్లీ కొట్టుకోలేదు. ఆపరేషన్‌కు ఇంటివారిని ఒప్పించింది నేనే. ఈ సంతాప సభలో ఆ అభియోగానికే జవాబు చెబుతాను.

ప్రాక్టికల్స్‌లో మేడంగారు కప్ప గుండె మీద పొటాషియం ద్రావణం చుక్కలు వేసేవారు. అది ఆగిపోయేది.

"చంపేశారు మేడం!" అని నేను లేచేదాన్ని.

"కూర్చోవమ్మా లాయరూ! ఆగినదానికీ చచ్చినదానికీ తేడా తెలీకుండానే కేసు పెట్టేస్తావా?"

ఉప్పునీటితో కడిగితే గుండె మళ్లీ కదిలేది. ఏటా చూసేదే అయినా, ఆమె కళ్లజోడు నుదుటి మీదికి తోసి, వంగి, ఊపిరి బిగబట్టి చూసేవారు.

చిన్ననాటి కీళ్లవాత జ్వరం ఆమె కవాటాన్ని పాడుచేసింది. చాట్రాయిలో మామిడి తోట ఉన్న అత్తవారింట్లో, ఆపరేషన్ ఊసెత్తితే రెండు వేసవులు ఒకటే మాట: "కాయ దిగనియ్యమ్మా, తర్వాత చూద్దాం." ఆమే తలూపారు. మెట్లెక్కలేని స్థితి వచ్చాక డాక్టరు దగ్గరికి నేను వెంట వెళ్లాను. ఆయన రెండు మాటలు చెప్పారు. చల్లని పొటాషియం ద్రావణంతో ఆపి, చుట్టూ మంచు పెడితే గుండె కండర కణాలకు ప్రాణవాయువు అవసరం బాగా తగ్గుతుంది. అవి దెబ్బతినకముందే పని ముగించవచ్చు. ఇది మొదటిది. రెండోది: ఇంతగా అలసిన కండరాన్ని అలా కాపాడగలమని హామీ ఇవ్వలేం.

మొదటి మాటను ఆమె అత్తగారికి అనర్గళంగా వివరించాను. రెండోది మింగేశాను. "కప్ప గుండె లేవలేదా మామ్మగారూ?" అన్నాను. గెలిచాను.

మద్రాసు ప్రయాణంలో, మైలవరం దాటాక, బస్సులో మేడంగారు మెల్లగా అన్నారు: "ఆ కప్ప గుండె ఆరోగ్యమైనది పిల్లా, నాది అలసిపోయింది. నాకైతే తెలుసు, తెలిసే వెళ్తున్నా. మా అత్తయ్యకి చెప్పాల్సింది. ఇంకెవరి దగ్గరా అలా దాచకు."

నేను దాచాను, అది నా నేరం. ఆ రెండు వేసవులు ఎవరి నేరమో మీరు తేల్చుకోండి. ఏది తేలినా ఆమె రారు. ఎన్నో వక్తృత్వ పోటీల్లో నెగ్గిన నా దగ్గర, ఆ ఒక్క నిజాన్ని మార్చగల వాక్యం లేదు.

ముందు వరుసలో కూర్చున్న ఆమె చెల్లెలిదీ అదే జబ్బు. ఆపరేషన్‌కు వచ్చే నెల రమ్మన్నారు. "ఒకదాన్ని పోగొట్టుకున్నాం, చాలమ్మా" అంటున్నారు తండ్రిగారు. అయ్యా, ఈసారి రెండో మాటే ముందు చెబుతున్నాను: ఆమె కూడా పోవచ్చు. ఆలస్యం చేస్తే కండరం ఇంకా అలసిపోతుంది. అప్పుడు మంచూ కాపాడలేదు. ఇదంతా ముందే నా నోట విని కూడా ఆమె వెళ్తానంటోంది.

ఆమె ఆపరేషన్‌కు ఆరుగురి రక్తం కావాలి. ఈ కాగితం మీద ఇప్పటికి నా పేరొక్కటే ఉంది. నన్ను తిట్టదలచినవారు తప్పక తిట్టండి. ముందు వచ్చి సంతకం పెట్టండి.