ఉందని చెప్పిన ఇల్లు

తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది. జెరికా ట్యాబ్లెట్‌ను తలకంటే ఎత్తుకు లేపి, మామగారి సమాధి రాయి మీదికెక్కి నిలబడింది. ఎర్ల్ సైజ్‌మోర్ బతికున్నప్పుడు ఆయన కుర్చీలో కూర్చోవడానికే మొహమాటపడిన కోడలు, ఇప్పుడు బురద బూట్లతో ఆయన పేరు మీదే నిలబడుతోంది. స్పైసర్ లోయ మొత్తానికీ సిగ్నల్ అందేది కొండ నెత్తిన ఉన్న ఈ కుటుంబ స్మశానంలోనే. అందులోనూ ఎర్ల్ రాయి దగ్గరే.

కంచె పక్కన పొరుగింటి ఆర్విన్ తన ఫోను పట్టుకుని వంతు కోసం చూస్తున్నాడు. గనిలో ఊపిరితిత్తులు పాడు చేసుకున్న మనిషి. కొండెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు.

"కాస్త ఆగు బాబాయ్, రీవా లెక్కలు వెళ్లాలి" అంది జెరికా.

"వెళ్లనీ అమ్మాయ్. నేనెక్కడికి పోతాను? పోయినా తెచ్చేది ఇక్కడికేగా."

ఇంకో రోజయితే నవ్వేది. రీవా ఆమె నాలుగు నెలల కూతురు. సగం గుండెతోనే పుట్టింది. మొదటి ఆపరేషన్ అయింది, రెండోది ఇంకో రెండు నెలలకు. ఈ మధ్యకాలమే ప్రమాదమని డాక్టర్లు ముందే చెప్పారు. రోజూ పాప బరువు, రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూసి ట్యాబ్లెట్‌లో పంపాలి. పాప రంగు తేడాగా కనిపిస్తే వాళ్లు అప్పటికప్పుడు వీడియోలో చూడాలి. ఆ షరతు మీదే పాపను ఇంటికి పంపారు. పెళ్లికి ముందు జెరికా కౌంటీ నీళ్ల శుద్ధి కేంద్రంలో పరీక్షలు చేసేది. అంకె ఆలస్యంగా చేరితే చేరనట్టేనని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

జెరికా జేబులో ఫోను మోగింది. నగరంలోని ఆసుపత్రి నుంచి నర్సు మొనీక్.

"జెరికా, నిన్నటివి ఇప్పుడే వచ్చాయి. పాప ముప్ఫై గ్రాములు తగ్గింది. నిన్ననే ఎందుకు పంపలేదు?"

"పంపుతూనే ఉన్నాను. నాలుగుసార్లు కొండెక్కాను. పొగమంచు పట్టేసి సిగ్నల్ లేదు."

"కొండెక్కడం ఏంటి? మీ చిరునామాకి ఇంటర్నెట్ ఉన్నట్టు ఇక్కడ చూపిస్తోందే."

"లేదు మొనీక్. ఎప్పుడూ లేదు."

మొనీక్ గొంతు తగ్గించి చెప్పింది. "నాకు నీ మీద కోపం లేదమ్మా. కానీ డాక్టర్లు ఒప్పుకోరు. ఈ వారాంతానికల్లా ఇంట్లో కనెక్షన్ ఉండాలి. లేకపోతే పాపను తీసుకొచ్చెయ్. రెండో ఆపరేషన్ దాకా ఇక్కడే ఉంచుకుంటాం."

జెరికా రాయి దిగింది. ఆసుపత్రి గాజు తలుపు అవతల గొట్టాల మధ్య పడుకున్న కూతురిని వేలితో కూడా తాకలేక కూర్చున్న రోజులు మళ్లీ గుర్తొచ్చాయి. ఇంటికొచ్చాకే ఆ పిల్ల నవ్వడం నేర్చుకుంది. నానమ్మ వెర్నీ ముక్కు చిట్లిస్తే చాలు, నవ్వుతుంది.

ఆమె చేయని ప్రయత్నం లేదు. పాత ఫోను తీగ గాలివానకు తెగి పడితే కంపెనీ మళ్లీ కట్టలేదు. భర్త డాల్టన్ ఎక్కడో గ్యాసు గొట్టాలు వేసే పనిలో ఉంటూ సెలవులో వచ్చినప్పుడు ఉపగ్రహం నుంచి ఇంటర్నెట్ అందుకునే డిష్ ఒకటి పట్టుకొచ్చాడు. రెండు కొండల మధ్య అరచేయంత ఆకాశం, దాన్నిండా చెట్ల కొమ్మలు. డిష్‌కు ఏమీ కనిపించలేదు. కంపెనీ ఇంటర్నెట్ తీగ మాత్రం లోయ మొదట్లో, తారురోడ్డు ఆగేచోట, స్తంభానికి చుట్ట చుట్టి వేలాడుతోంది. పాప మందులకు వెళ్లినప్పుడల్లా జెరికా దాన్ని చూసి పళ్లు నూరుకునేది.

ఆర్విన్ తన వంతు కూడా ఆమెకే వదిలేశాడు. ఆమె అక్కడే నిలబడి కంపెనీకి ఫోను చేసింది. చాలాసేపు సంగీతం వినిపించి, సహాయం కోసం మా వెబ్‌సైటు చూడండి అని ఒక గొంతు చెప్పింది. ఆ మాటే మళ్లీ మళ్లీ చెప్పింది. చివరికి ఒక మనిషి దొరికింది.

"మీ లోయంతా మ్యాపులో నీలం రంగులో ఉందండీ. అంటే సదుపాయం ఉన్నట్టు. ఉన్నచోట మళ్లీ లైను వెయ్యరు."

"ఎవరింట్లో ఉంది?"

"ఒక ఇంట్లో ఉన్నా చాలండీ, చుట్టుపక్కలంతా ఉన్నట్టే లెక్క."

"ఆ ఒక్క ఇల్లు ఎవరిదో చెప్పు తల్లీ. వాళ్ల గుమ్మంలో కూర్చుని పంపుకుంటాను."

"చెప్పకూడదండీ... ఒక్క నిమిషం. మీ చిరునామా ఏమన్నారు? మీదేనండీ ఆ ఇల్లు. మా సర్వే అతను వచ్చినప్పుడు ఉందని చెప్పారుగా. అభ్యంతరం ఉంటే గురువారం అగ్నిమాపక కేంద్రంలో మీటింగుంది, మా అధికారి వస్తారు."

జెరికా కొండ దిగిన తీరు చూసి కుక్క కూడా వసారా కిందికి దూరింది.

వెర్నీ వసారాలో ఊగే కుర్చీలో కూర్చుని చిక్కుళ్ల ఈనెలు తీస్తోంది. పక్కన తొట్టెలో రీవా నిద్రపోతోంది.

"అత్తా, ఇంటర్నెట్ ఉందా అని ఎవరైనా వచ్చి అడిగారా?"

"ఎండాకాలంలో ఒకబ్బాయి వచ్చాడు. చెమటతో ముద్దయిపోయాడు పాపం. చల్లటి టీ ఇచ్చాను."

"ఏం చెప్పావు?"

"ఉందన్నాను."

"ఎందుకన్నావు?"

వెర్నీ చిక్కుడుకాయ విరిచింది. "గుమ్మంలోకొచ్చిన పరాయివాడితో మా ఇంట్లో అది లేదు, ఇది లేదు అని దేబిరించమంటావా? ఎవరేం అడిగినా మాకుందనే చెప్తాం. మా అమ్మ అంతే, వాళ్లమ్మా అంతే."

"ఉందని నువ్వన్నందుకు లోయ మొత్తానికీ లేకుండా పోయింది. శనివారం లోపల తీగ రాకపోతే రీవాను తీసుకెళ్లిపోతారు."

వెర్నీ చేతులు ఆగాయి. "తీసుకెళ్లడమేంటి?"

"నిన్న పాప బరువు తగ్గిందని వాళ్లకి ఇవాళ తెలిసింది. ఇవాళ! నీ పరువు ఎంత బరువుందో నాకు తెలీదు అత్తా. నా కూతురు ముప్ఫై గ్రాములు తగ్గితేనే నాకు ఊపిరాడదు."

వెర్నీ చిక్కుళ్ల గిన్నె కింద పెట్టింది.

"నాకు ఏడేళ్లప్పుడు కెమెరాలేసుకుని పట్నంవాళ్లు వచ్చారు. ఆదివారం. చర్చికెళ్లి వచ్చి మెట్ల మీద కూర్చున్నా, కొత్త బూట్లతో. విప్పమన్నారు. చాక్లెట్ చేతిలో పెట్టారు, విప్పేశా. ఆ ఫొటో పత్రికల్లో వేశారు. బూట్లు కూడా లేని కొండపిల్ల అని కింద రాశారు. మా నాన్న ఆ పత్రిక చూసి వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నా బూట్లు మెట్ల కిందే ఉన్నాయి జెరికా. ఎవరూ వాటిని ఫొటో తియ్యలేదు."

జెరికాకు జాలి కలిగింది. కోపం మాత్రం తగ్గలేదు. నిద్రపోతున్న పిల్లను ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

గురువారం అగ్నిమాపక కేంద్రంలో ఫైరింజన్ బయటపెట్టి కుర్చీలు వేశారు. లోయవాళ్లు దాదాపు అందరూ వచ్చారు. ఎవరో పంది మాంసం, మొక్కజొన్న రొట్టె తెచ్చి బల్లమీద పెట్టారు. కంపెనీ అధికారి ప్రూయిట్ మర్యాదస్తుడే. తెల్లగోడ మీద మ్యాపు చూపించాడు. స్పైసర్ లోయ నిండా నీలం.

"అభ్యంతరాలుంటే మా వెబ్‌సైటులో నమోదు చెయ్యొచ్చు" అన్నాడు.

వెనక నుంచి ఆర్విన్ దగ్గుతూ అన్నాడు. "అలాగే బాబూ. స్మశానంలో ఖాళీ దొరికినప్పుడు చేస్తాం."

నవ్వులు లేచాయి. ప్రూయిట్ కూడా అర్థం కాకుండానే నవ్వాడు. "సరే, ఇక్కడే చూద్దాం. ఇంట్లో సదుపాయం లేనివాళ్లు చేతులెత్తండి."

జెరికా చెయ్యి ఎత్తింది. ఎత్తి చుట్టూ చూసింది. ఒక్క చెయ్యీ లేవలేదు. రోజూ తనతో పాటు సమాధుల మధ్య నిలబడే మనుషులు బూట్ల వైపు చూసుకుంటున్నారు. ఆర్విన్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. పక్కనే పాపను ఒళ్లో పెట్టుకున్న వెర్నీ కూడా కదల్లేదు.

"ఒక్కరే అన్నమాట" అన్నాడు ప్రూయిట్, కాగితం మీద ఏదో రాసుకుంటూ.

జెరికా చెవులు వేడెక్కాయి. "మీకేం పట్టింది?" అంది తనవాళ్లవైపు తిరిగి. "ఇంటికెళ్లాక తిడతారు, కొండెక్కి తిడతారు. ఈయన ముందు మాత్రం అందరూ షావుకార్లే. నా పిల్లను తీసుకుపోతున్నారు, మీకు చెయ్యి లేవడం లేదు."

అప్పుడు వెర్నీ లేచింది. పాపను జెరికా చేతికిచ్చి, గౌను సర్దుకుంది.

"అబ్బాయ్, మ్యాపులో నువ్వు చూపిస్తున్న ఇల్లు నాది. మీవాడికి నేను అబద్ధం చెప్పాను. మా ఇంట్లో లేదు."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆమె మెడ నరాలు బిగుసుకున్నాయి. ప్రూయిట్ తల ఊపాడు. "చెప్పినందుకు థ్యాంక్సండీ. మీరు అలా చెప్పడం వల్లే ఈ ఇబ్బంది..."

"నా మాట పూర్తవలేదు. నేను అబద్ధం చెప్పాను, నిజమే. నా టీ తాగి నా మాట రాసుకెళ్లాడే, వాడు తలెత్తి ఇంటికి మీ తీగ ఒక్కటైనా వచ్చిందేమో చూశాడా? మీ తీగ ఎక్కడ ఆగిందో మీకు తెలీదా? చుట్ట చుట్టి వేలాడదీసింది మీరే. ముసలిదాని ఒక్క మాట దొరకబుచ్చుకుని లోయంతా రంగు పూసి కూర్చున్నారు."

తర్వాత ఆమె కుర్చీలవైపు తిరిగింది. "ఆర్విన్. నీ ఇంట్లో ఉందా?"

ఆర్విన్ గొంతు సవరించుకున్నాడు. "వెర్నీ అక్కా, ఇంతమందిలో..."

"ఉందా?"

"లేదు."

"ఆయనకి వినిపించేలా చెప్పు."

"లేదయ్యా."

ఒక్కొక్కరినీ పేరుపెట్టి అడిగింది. ఒక్కొక్కరూ లేదన్నారు. కొందరు తల వంచుకుని, కొందరు ఆమె మీద కోపంతో. ప్రూయిట్ రాసుకుంటూనే ఉన్నాడు. అందరూ అయ్యాక ఆమె కూర్చుంది. జెరికా పాపను తిరిగి ఆమె ఒళ్లో పెట్టింది.

"ఎప్పుడేస్తారు?" అని అడిగింది జెరికా.

"మావాళ్లు వచ్చి పరిశీలించాలి. తర్వాత మ్యాపు మారుతుంది. తర్వాత మంజూరు. వచ్చే ఏడాదికి..."

"శనివారానికి?"

ప్రూయిట్ మొహంలో నిజంగానే బాధ కనిపించింది. జెరికాకు అది చూస్తే ఇంకా ఒళ్లు మండింది. ఆ బాధను ఏం చేసుకోవాలి?

శనివారం కారులో సామాను సర్దారు. ఆర్విన్ వచ్చి, దారిలో తినమని బిస్కట్ల పొట్లం కిటికీలోంచి ఇచ్చి, పాప మొహం వైపు చూడకుండానే వెళ్లిపోయాడు. తారురోడ్డు మొదలయ్యేచోట జెరికా కారు ఆపి, స్తంభం మీద వేలాడే తీగచుట్టను చూసింది. దిగి ఒక రాయి తీసుకుని బలం కొద్దీ విసిరింది. తగల్లేదు.

"ఇంకొంచెం ఎడమకి" అంది వెర్నీ లోపల్నుంచి.

రెండో రాయి తగిలింది. ఏమీ కాలేదు. మళ్లీ కారెక్కింది.

ఆసుపత్రి పక్కనే దూరపు ఊళ్లవాళ్లు ఉండే బస ఉంది. రీవాను ఆసుపత్రి పై అంతస్తులో చేర్చుకున్నారు. మణికట్టుకు పట్టీ కట్టి, ఛాతీకి తీగలు అంటించారు. నానమ్మ ముక్కు చిట్లించినా పిల్ల నవ్వలేదు, కొత్త దీపాలవైపే చూస్తోంది. కిందికి దిగి బసకు వచ్చాక జెరికా సంచిలోంచి ట్యాబ్లెట్ తీసింది. బస గోడ మీద ఇంటర్నెట్ పాస్‌వర్డ్ పెద్ద అక్షరాలతో అంటించి ఉంది, ఎవరైనా వాడుకోవచ్చు. ఉదయం ఇంట్లో తూచిన బరువు పంపింది. చక్రం ఒక్కసారి కూడా తిరగలేదు. వేలు తీసేలోపే వెళ్లిపోయింది. ఇంత తేలిక పని. ఆ అంకె ఇక ఎవరికీ అక్కర్లేదు, పాప వాళ్ల దగ్గరే ఉంది. ట్యాబ్లెట్‌ను నేలకేసి కొట్టాలనిపించి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

బస చూసుకునే ఆవిడ తాళంచెవి తెచ్చింది. చేతిలో కాగితం, కలం. "ఎంత దూరం నుంచి వచ్చారండీ. మీకు అన్నీ ఉన్నాయా?"

జెరికా అత్తగారివైపు చూసింది. వెర్నీ గౌను సర్దుకుని, ఆవిడ కళ్లలోకి సూటిగా చూసింది.

"లేవు" అంది. "రాసుకో."