పాత బండ్ల చిన్నాయన

శుక్రవారం జుమ్మా నమాజు ముగిసి, రియాద్‌లోని మా మలాజ్ వీధుల్లో కార్లన్నీ ఒక్కసారిగా కదులుతున్న వేళ ప్రొద్దుటూరు నుంచి చిన్నాయన కొడుకు, నా తమ్ముడి ఫోను వచ్చింది.

"అక్కా, నాయన పోయినాడు. మసీదు నుంచి వచ్చి అన్నం తిన్యాడు. కుర్చీలో కూసోని నీళ్ళడిగినాడు. అమ్మ చెంబు తెచ్చేసరికి లేడు."

పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు లోపల మట్టి చేస్తామన్నాడు. నేను టికెట్ల కోసం వెతుకుతూ ఉండగానే అక్కడ అన్నీ అయిపోయాయి. రియాద్‌లో ఉన్నవాళ్ళకు ఇది కొత్త కాదు. మనవాళ్ళ చావులకు మనం ఎప్పుడూ ఫోనులోనే హాజరవుతాం. అయినా ఆ రోజు నేను వంటింట్లో స్టవ్ కట్టేసి, ఎందుకో తెలియదు, కిటికీ దగ్గరికి వెళ్ళి కింద నిలిపిన కార్ల వంక చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

పోయినది మా నాన్నకు తమ్ముడు, నాకు చిన్నాయన. మావి నమాజు అరబ్బీలో, మిగతాదంతా తెలుగులో సాగే ఇళ్ళు. చిన్నాయన కడప జిల్లా దాటి చూసిన మొదటి ఊరే రియాద్. ఒక ఇంటికి డ్రైవరుగా వచ్చాడు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న ఆయన కఫీల్ తండ్రి పోయినప్పుడు పెరట్లో దుమ్ము పట్టిన పెద్ద పెద్ద అమెరికన్ కార్లు నాలుగైదు మిగిలాయట. కొడుకులు వాటిని తుక్కుకు వేయబోతే చిన్నాయన అడ్డం పడ్డాడు. "ఒక్కదాన్ని నడిపించి చూపిస్తా, అప్పుడు మీ ఇష్టం" అన్నాడట. నడిపించాడు. దాన్ని చూసి కఫీల్ స్నేహితుడొకాయన ముచ్చటపడి కొనుక్కున్నాడు. అప్పటినుంచి ఆ ఇంటి డ్రైవరు ఆ ఇంటి పాత బండ్ల వ్యాపారం చూసే మనిషయ్యాడు. రియాద్ బతా బజారు మెస్సుల్లో మనవాళ్ళు ఆయన్ని "పాత బండ్లాయన" అనే పిలిచేవారు.

నాకు పెళ్ళయి రియాద్‌లో దిగినప్పుడు విమానాశ్రయానికి మా ఆయనతో పాటు చిన్నాయన కూడా వచ్చాడు, తన సొంత బండిలో. పొడవాటి స్టేషన్ వ్యాగన్ అది. పక్కలకు చెక్కలాంటి పట్టీ, వెనక్కి తిరిగి కూర్చునే సీటు. చిన్నమ్మా, ముగ్గురు పిల్లలూ అందులో ఉన్నారు. నా పెట్టెల మీద ఒక పిల్ల, ఒళ్ళో ఒక పిల్లవాడు. చిన్నమ్మ బిర్యానీ గిన్నెను తన కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. పుట్టింటి గడప దాటి అత్తగారింటికి కాక ఇంకో పుట్టింటికే వచ్చినట్టుంది నాకు.

ఆ బండిలో మేము తిరగని చోటు లేదు. శుక్రవారం సాయంత్రం ఊరి బయట ఇసుక మీద చాపలు వేసుకుని కూర్చునేవాళ్ళం. చిన్నమ్మ బొరుగుల ఉగ్గాని చేసి తెచ్చేది. చిన్నాయన మాత్రం చాప మీద కూర్చునేవాడు కాదు. బండి వెనక తలుపు తెరిచి, దాని అంచున కూర్చుని, కాళ్ళూపుకుంటూ తినేవాడు.

బండి కొనడానికి పోయినప్పుడు ఆయన ముందుగా ఇంజను చూసేవాడు కాదు. లోపల కూర్చుని తలుపులన్నీ వేయించేవాడు. కాసేపు అటూ ఇటూ చూస్తూ కూర్చునేవాడు. "ఏం చూస్తావు చిన్నాయనా అట్లా?" అని ఒకసారి అడిగాను.

"సూసేది ఏం లేదు పాపా. ఈ బండిలో ఎట్లాంటోళ్ళు తిరిగినారో వాసన చెప్తాది. కొట్లాడుకున్నోళ్ళ బండి వాసన వేరే."

నిజమో కాదో నాకు తెలియదు. కానీ సీట్ల సందుల్లో దొరికే చిన్న చిన్న వస్తువులు, ఒక తస్బీ జపమాల పూస, పసిపిల్ల గాజు, పాత ఫోటో, ఏవైనా సరే తుడిచి అమ్మినవాళ్ళకు పంపేవాడు. అమ్మేటప్పుడు ఆయనది ఒకే పద్ధతి. "తప్పు ముందు చెప్పాల. మంచి వాళ్ళే చూసుకుంటారు" అనేవాడు. నా పెళ్ళి మాటలప్పుడు ఫోనులో మా అత్తగారితో కూడా అదే పని చేశాడు. "మా పాపకు కోపం జాస్తి. పొద్దున్నే లేవదు. ఇంగ మీ ఇష్టం." మా అత్తగారు ఈనాటికీ ఆ మాట చెప్పి నవ్వుతుంది. అంత నిజం చెప్పినవాళ్ళతో వియ్యం అందితే మోసం ఉండదని అప్పుడే నిశ్చయించుకుందట.

పిల్లలు పెద్దయ్యారు. కాలేజీ చదువులు ఇక్కడ కుదరలేదు. కుటుంబాన్ని ఇక్కడ ఉంచుకోవడం కూడా రానురాను భారమైంది. చిన్నమ్మా పిల్లలూ ప్రొద్దుటూరు వెళ్ళిపోయారు. రెండేళ్ళలో తానూ వచ్చేస్తానన్నాడు చిన్నాయన. ఆ రెండేళ్ళు సాగుతూనే పోయాయి. కూతుళ్ళ పెళ్ళిళ్ళకు సెలవు మీద వెళ్ళాడు, తిరిగి వచ్చాడు. గడ్డం తెల్లబడింది. దూరంగా ఉన్న బోర్డులు చదవడానికి కళ్ళు చికిలించడం మొదలైంది. వ్యాగన్‌ను మాత్రం అమ్మలేదు. ఎందరో అడిగారు. తన గది కింద నీడలో నిలిపి, గురువారం గురువారం కడిగేవాడు. ఒక్కడే అంత పెద్ద బండిలో తిరగడం బాగుండదని, పనులకు చిన్న కారులో వెళ్ళేవాడు.

ఆయన్ని కదిలించింది దక్షిణాన యెమెన్ సరిహద్దు దగ్గరున్న నజ్రాన్‌కు చేసిన ప్రయాణం.

రియాద్‌లో స్థిరపడ్డ నజ్రాన్ మాస్టారొకాయన ఉండేవారు, రిటైరైన బడిపంతులు. చిన్నాయనకు పాత ఖాతాదారు. చిన్నప్పుడు తన తండ్రి ఖర్జూరాలు వేసుకుని సంతకు నడిపిన ఎర్ర పికప్పు కోసం ఏళ్ళ తరబడి వెతుకుతున్నారు. ముసలితనంలో తండ్రి దాన్ని అమ్మేశాడట. అది నజ్రాన్ దగ్గర ఒక తోటలో ఉందని చివరికి చిన్నాయనకు కబురు తెలిసింది. తోటవాళ్ళు అమ్ముతామన్నారు. ఈద్ సెలవులు కావడంతో "అంత దూరం నేనొక్కణ్ణే నడపలేను అల్లుడా" అని మా ఆయన్ని పిలిచాడు. నేనూ బయల్దేరాను.

తోటలో మగవాళ్ళు అతిథుల గది మజ్లిస్‌లో కూర్చున్నారు. నన్ను లోపలికి తీసుకువెళ్ళారు. ఆ ఇంటి పెద్దావిడ, భర్త పోయి కొన్నేళ్ళయినావిడ, నాకు కాఫీ పోసి, నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి నడిపించింది. ఖర్జూరం చెట్ల కింద ఎర్ర పికప్పు. టైర్లు లేవు, ఇటుకల మీద నిలబడి ఉంది. క్లినిక్‌లో పనిచేస్తూ నేర్చుకున్న అరబ్బీ నాకు ఆ రోజు పనికొచ్చింది.

"కూర్చో" అంది తలుపు తెరిచి. నేను స్టీరింగ్ వైపు వెళ్ళబోయాను.

"అటు కాదమ్మా. అది ఆయన చోటు. ఇటు రా, నా పక్కన."

ఇద్దరం ఇరుకుగా ఒక్క సీటులోనే కూర్చున్నాం. రోజూ సాయంత్రం అస్ర్ నమాజు చేసుకుని ఇక్కడికే వచ్చి కూర్చుంటానంది. ఇంట్లో కోడళ్ళకు తాను అడ్డమట, ఇక్కడ ఎవరికీ అడ్డం కాదట. "మీ మగవాళ్ళు దేనికొచ్చారు?" అని అడిగింది. అడిగి వస్తానని దిగాను.

బయటికి వచ్చి చిన్నాయనను కుళాయి దగ్గరికి పిలిపించి చెప్పాను. ఆయన ముఖం కడుక్కుంటూ విన్నాడు.

"అమ్మేది ఆమెకు తెల్సునా?"

"తెలీదు చిన్నాయనా. కొడుకులు చెప్పినట్టు లేదు."

తడి చేతులు చొక్కాకు తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. ఏం మాట్లాడాడో తర్వాత మా ఆయన చెప్పాడు. "మీ అమ్మగారు ఉన్నంతకాలం ఈ బండికి ధర కట్టడం నాకు చేతకాదు" అన్నాడట. పెద్దకొడుకుకు కోపమొచ్చింది. "రియాద్ నుంచి కాఫీ తాగడానికి వచ్చావా?" అన్నాడట. "కాఫీ చాలా బాగుంది" అని చిన్నాయన ఇంకో కప్పుకు చెయ్యి చాపాడట. కాసేపటికి ఆ కొడుకే తల వంచుకుని ఖర్జూరాల పళ్ళెం ముందుకు తోశాడట.

మాస్టారికి ఫోను చేయడం అంతకంటే కష్టమైంది. చిన్నాయన నిలబడే మాట్లాడాడు. "బండి దొరికింది సార్. కానీ మీరు కొనడానికి కాదు, చూడటానికి రండి." మరుసటి ఉదయం మాస్టారు విమానంలో వచ్చేశారు.

పికప్పు బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారాయన. పెద్దావిడ ఇంటి తలుపు చాటున ఉంది. ఇది మా నాన్న బండి అని ఆయన చెప్పగానే లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది.

"రెండో గేరు మొరాయిస్తుందని మీ నాన్న మాకు చెప్పలేదు నాయనా. మా ఆయన ఆఖరుదాకా తిట్టుకున్నాడు."

మాస్టారు పగలబడి నవ్వారు. నవ్వుతూనే తలగుడ్డ అంచుతో కళ్ళు ఒత్తుకున్నారు. "మమ్మల్ని కూడా రెండో గేరు వెయ్యనిచ్చేవాడు కాదమ్మా" అన్నారు. ఆ పూట అందరం అక్కడే భోంచేశాం. మాస్టారు ఉత్త చేతులతో వెళ్ళారు గానీ, నేను చూసినంతలో ఆయన ముఖంలో వెలితి లేదు.

వెలితి మా బండిలో ఉంది. తిరుగు దారిలో చిన్నాయన స్టీరింగ్ మా ఆయనకే వదిలేశాడు. సగం దారిలో పెట్రోలు బంకు దగ్గర టీకి ఆగినప్పుడు, కప్పు చేతుల మధ్య తిప్పుతూ అన్నాడు.

"మొగుడు పోయినా ఆమెకు కూసోడానికి ఆయప్ప పక్కన సీటుండాది పాపా. నేను బతికుండి కూడా మీ చిన్నమ్మకు ఏం పెట్టినా?"

"నీదంతా వాళ్ళ కోసమే కదా మామా" అన్నాడు మా ఆయన.

"వాళ్ళ కోసమే. వాళ్ళతో కాదు కదా అల్లుడా."

రియాద్ చేరగానే మా ఇంట్లోనే కూర్చుని చిన్నమ్మకు ఫోను చేశాడు. "వీసాకు ఎగ్జిట్ కొట్టించుకొని ఇంటికి వచ్చేస్తాండా" అన్నాడు. స్పీకరులో చిన్నమ్మ గొంతు వచ్చింది. "వస్తే రా. పెద్ద కుక్కరు గ్యాస్కెట్టు పోయింది. ఆడ మంచిది దొరికితే తే." ఫోను పెట్టేసింది. ఆ సాయంత్రమంతా అమ్మ మిద్దె మీద ఒక్కతే తిరిగిందని తమ్ముడు తర్వాత చెప్పాడు.

వ్యాగన్‌ను ఆయన వేలానికి పెట్టలేదు. ముగ్గురు పిల్లలున్న ఒక యెమెనీ వంటమనిషికి తక్కువ ధరకే ఇచ్చాడు. సేకరణ కోసం అడిగిన షోకు మనుషులు ఇంకా ఎక్కువే ఇచ్చేవాళ్ళు. "వాళ్ళు దాన్ని అద్దాల గదిలో పెడతారు. అది పిల్లల బండి" అన్నాడు. ఏసీ సరిగ్గా పనిచేయదనీ, ఎడమ వెనక తలుపు గట్టిగా లాగాలనీ అన్ని తప్పులూ చెప్పాడు. తాళాలిచ్చే సమయానికి మాత్రం కిందికి దిగలేదు. మా ఆయన చేతికిచ్చి పంపి, తాను ఖాళీ గదిలో పెట్టెలు సర్దినవే మళ్ళీ సర్దాడు.

ఇల్లు చేరగానే అంతా చక్కబడిపోలేదు. ఇన్నేళ్ళూ ఇంటిని ఒక్కచేత్తో నడిపిన చిన్నమ్మకు మొగుడు ఎక్కడ పెట్టాలో తెలియని సామానులా అనిపించాడు. ఆయన తెల్లవారకముందే లేచి, గిన్నెలు చప్పుడు కాకుండా తనే టీ పెట్టుకుని తాగి, కప్పు కడిగి బోర్లించేవాడట. "సుట్టం మాదిరి ఉంటాడు మే మీ చిన్నాయన. నన్ను టీ అడగడు. అడిగితే నేనేం అరుస్తానా?" అని ఫోనులో నాతో వాపోయింది. అదే మాట ఆయనకు చెబితే, "అలవాటు తప్పింది పాపా. అడగడం మల్లా నేర్చుకోవాల" అన్నాడు. నేర్చుకున్నాడు. ఫ్యాను వేగం గురించి పోట్లాడుకున్నారు. ఉప్పు గురించి పోట్లాడుకున్నారు. ఆయన మోకాళ్ళకు ఆమె నూనె రాసింది. ఆమె బీపీ మాత్ర వేసుకుందో లేదో ఆయన అడుగుతూ తిరిగాడు. పోట్లాటలు పెరిగేకొద్దీ ఇద్దరి గొంతుల్లో బెరుకు తగ్గడం నాకు ఇక్కడికే వినిపించేది.

ఆయన పోయాడన్న కబురు విని నజ్రాన్ మాస్టారు ఫోను చేశారు. దువా చదివి, "నాకు ఆయన ఏమీ అమ్మలేదు. అందుకే మర్చిపోలేను" అన్నారు. బతాలో పాత స్నేహితులు ఒకచోట కూడి ఆయన కబుర్లు చెప్పుకున్నారట. అందరికీ ఆయన బండ్లు గుర్తున్నాయి. నాకు వేరేది గుర్తుంది.

కిందటి సెలవుల్లో ప్రొద్దుటూరు వెళ్ళాను. ఒక సాయంత్రం ముగ్గురం బజారుకు పోయి ఆటోలో తిరిగివస్తున్నాం. నేను ముందు డ్రైవరు పక్కన సంచులు పట్టుకుని కూర్చున్నాను. ఇంటి ముందు ఆటో ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే చిన్నమ్మ చిన్నాయన భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కొంగు జారి ఆయన మోకాలి మీద పడింది. ఆయన కదలకుండా, ఊపిరి కూడా మెల్లగా తీస్తూ కూర్చున్నాడు. లేపబోయిన నాకు వద్దని కనుబొమలతో సైగ చేశాడు. నేను సంచులతో దిగాను. ఆయన డ్రైవరు వైపు కాస్త వంగి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఇంగొక సుట్టు కొట్టు అబ్బయ్యా. నిదానంగా పో."

ఆటో కదిలింది. దాని వెనక ఉన్న చిన్న కిటికీలోంచి పక్కపక్కన రెండు తలలు, ఒకటి నిటారుగా, ఒకటి ఒరిగి, వీధి మలుపు తిరిగేదాకా కనిపించాయి.