తువాల కింద అందిన వేలు

ప్రియమైన సహోదరీ సహోదరులారా, నా కూతురు పుట్టినప్పుడు ఏడవలేదు. ఆ నిశ్శబ్దం దగ్గరే నా సాక్ష్యం మొదలుపెడతాను, ఎందుకంటే ప్రభువు నన్ను పట్టుకున్నది అక్కడే!

నేను తాండూరు కందుల బజారులో దుకాణాల మధ్య పెరిగినదాన్ని. మా నాయన దళారి. అక్కడ ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీద తువాల కప్పి, లోపల వేళ్లు పట్టుకొని ధర తెలుపుకుంటారు, కుదిరితే బేరం తెగిందంటారు. అది చూస్తూ పెరిగినందుకేమో, వంకాయల దగ్గర మొదలుకొని కాలేజీ మార్కుల దాకా నేను బేరమాడనిది లేదు. పోలీసు యాక్షన్ తరువాత పట్నంలో డాక్టరు చదువు చదివి, అప్పుడే పుట్టిన శిశువుల మెదడు జబ్బుల మీద పరిశోధనకు దిగాను. బిడ్డ అరచేతిలో నా వేలు పెట్టి చూసేదాన్ని. మెదడు బాగుంటే ఆ చెయ్యి వేలిని గట్టిగా పట్టుకుంటుంది, పట్టకపోతే తల్లికి రెండు మాటలు చెప్పి తరువాతి ఉయ్యాల దగ్గరికి కదిలేదాన్ని.

నా కాన్పు వికారాబాదు ఆసుపత్రిలో జరిగింది. బిడ్డ నీలంగా పుట్టింది, ఊపిరి పోసి బతికించారు, మర్నాడు ఫిట్స్ మొదలయ్యాయి. మందు ఇచ్చారు, వెచ్చగా ఉంచారు, నా పాలు గొట్టంతో పట్టారు, అంతకు మించి నేనైనా చేయగలిగింది లేదు! నేనే వేలు పెట్టి చూశాను. ఆ చెయ్యి దూదిలా తెరుచుకునే ఉంది. చదువులేని తల్లికైనా కాస్త ఆశ మిగులుతుంది, నా చదువు నాకు అదీ మిగల్చలేదు!

ఇక దేవునితో బేరానికి దిగాను. "ప్రభువా, పట్నం ఉద్యోగం వదిలేస్తాను. చాలదా? పరిశోధన కూడా వదిలేస్తాను. సరే, సంఘంలో పాటలు పాడడం మానేస్తాను!" అన్నాను. చివరిది సంఘానికే లాభమని తరువాత తోచింది. తాండూరు నుంచి రైలు దిగి అప్పుడే వచ్చిన నాయన గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు.

"గిదేం బేరమే బిడ్డా? దేవుడు గీడికి కందులు అమ్మనీకి వచ్చిండా?"

"మరేం జెయ్యాలె నాయనా?"

"తువాల కింద చెయ్యి వెట్టినోడు నోరు మూసుకోవాలె. అవతలోని వేలు అందేదాక ఆగాలె. నువ్వు ధర మీద ధర జెప్పుకుంట పోతే ఆయన ఎప్పుడు జెప్తడు?"

అని భుజం మీది తువాల తీసి, నా చేతి మీదా బిడ్డ చేతి మీదా కప్పాడు. నేను ఏడ్చాను. "ప్రభువా, ఇయ్యడానికి నా దగ్గర ఏమీ లేదు. ఈ బిడ్డ నీది. నేను ఆగుతాను" అన్నాను. అంతే, నా జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను!

వేలు బిడ్డ అరచేతిలోనే ఉంచి కూర్చున్నాను, ఆ పూట ఏమీ జరగలేదు. మర్నాడు పొద్దున ఎండ మంచం మీదికి వచ్చే వేళకు, తువాల కింద నా వేలి చుట్టూ ఏదో ముడిపడింది. డాక్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది, నమ్మకుండా రెండో చెయ్యి కూడా చూశాను. అదీ పట్టింది! దేవునికే మహిమ!

పక్క మంచం తల్లికి బిడ్డ దక్కలేదు. ఆమె ప్రార్థన నా ప్రార్థన కంటే తక్కువది కాదు. ఎందుకో నాకు తెలియదు, తెలిసినట్టు మీ ముందు నటించను. అలాంటి తల్లుల కోసమే కాబోలు, ప్రభువు నా పరిశోధనను తీసుకోలేదు, తిరిగి నా చేతికే ఇచ్చాడు. ఇప్పుడు ఏ బిడ్డ చెయ్యి తెరుచుకుని ఉన్నా నేను వెంటనే కదలను, ఆ తల్లి పక్కన కూర్చుంటాను.

నా కూతురు ఈ ఏడు బడిలో చేరింది. మొన్న తాండూరులో తాత తువాల కప్పి ఆటకు చెయ్యి చాపితే, లోపల ఆయన వేలు పట్టుకొని ఎంతకూ వదలలేదు. "ఇడువే తల్లీ, బేరం తెగింది!" అని ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

సహోదరులారా, మీ దగ్గర ఇచ్చేందుకు ఏమీ లేదా? మంచిదే. ఆ ఖాళీ చెయ్యే చాపండి. అవతలి వేలు అందేదాకా ఆగండి.