గౌరి నల్లకోటు

ధర్మవరంలో పట్టుచీరలు నేసే గంగాధర ఇంట్లో నలుపు నిషేధం. నల్లదారం మగ్గమెక్కితే లక్ష్మి గడప దాటి పోతుందని అవ్వ జయలక్ష్మమ్మ నమ్మకం. ఆ ఇంట్లోనే పుట్టిన గంగాధర కూతురు గౌరి ఇంటర్ రెండో ఏడాదికి వచ్చేసరికి నల్ల చొక్కా, నల్ల గోళ్ళరంగు, చెవికి పిన్నీసు, కళ్ళ చుట్టూ దట్టంగా కాటుక. కాటుకకు మాత్రం ఇంట్లో అభ్యంతరం రాలేదు. దిష్టి తగలదన్నారు.

హిందూపురం సంతలో పాత నల్లకోటు ఒకటి కొని, దాని వీపు మీద రెక్కలు చాచిన గబ్బిలాన్ని కుట్టుకుంది. మగ్గం కింద రాలిన జరీ పోగులను గుడ్డ మీద పక్కపక్కనే పరిచి, సన్నని పట్టుదారంతో కుట్టి నిలిపింది. ఎక్కడా ముడి పైకి తేలలేదు. గంగాధర కోటును తిరగేసి లోపలివైపు కుట్లు కూడా చూశాడు. బాగుందని అనలేక, గబ్బిలం ఇంటికి అరిష్టమన్నాడు. శనివారం పూజలోపు దాన్ని పారేయాలని అవ్వ తీర్పు చెప్పింది. గౌరి అలిగి అన్నం మానేస్తే, ఉపవాసం మంచిదేనని మెచ్చుకుంది.

శనివారం పొద్దున చీరలకోసం హిందూపురం వ్యాపారి శివప్రసాద్ వచ్చాడు. పారేయడానికి వాకిట్లో పెట్టిన కోటు అతని కంటపడింది. చెప్పులు విడిచి చేతులు జోడించాడు.

“ఏమప్పా గంగాధరా, గరుత్మంతుణ్ణి తెచ్చి వాకిట్లో పడేసినావే? ఎవరు కుట్టింది?”

గౌరి నోరు తెరవబోయింది. గంగాధర అంతకంటే ముందే అందుకున్నాడు.

“మా పాపే అన్నా. శానా భక్తి.”

పెనుకొండలో భజన చేసే ఆడవాళ్ళకు ఇదే బొమ్మ అంచుతో చీరలు కావాలని శివప్రసాద్ అక్కడికక్కడే చెప్పాడు. పక్షికి చెవులేమిటని ఒకసారి అనుమానపడి, కిరీటం కాబోలని తనే సర్దుకున్నాడు. గౌరి గళ్ళకాగితం మీద బొమ్మ గీసింది. బొమ్మను నేతలోకి దించే జాకార్డుకు చిల్లుల అట్టలు కొట్టించారు. గంగాధర మగ్గానికి టెంకాయ కొట్టి, తెలిసి తెలిసి గబ్బిలాలు నేశాడు. పెనుకొండ గుడిలో భజన ఆడవాళ్ళు ఆ అంచును కళ్ళకద్దుకున్నారని కబురొచ్చింది.

కోటు బతికింది. అయితే నమూనా కదా అని మగ్గం పక్కన మేకుకు తగిలించారు. అవ్వ దానికి కుంకుమ బొట్టు పెట్టి, రోజూ ఊదుబత్తి చూపించసాగింది. కాలేజీకి వేసుకుపోతానని గౌరి చెయ్యి చాపితే అడ్డం నిలబడింది.

“దేవుణ్ణి తొడుక్కుంటారా మే యాడైనా?”

“అది గబ్బిలం అవ్వా.”

మగ్గం చప్పుడు ఆగింది. అవ్వ కోటు దగ్గరికి పోయి, తల వంచి చూసింది.

“ముందు అయ్యుండొచ్చు,” అంది. “ఇంతమంది మొక్కినాక ఇంకా గబ్బిలమే అంటే ఎట్ల?”

మగ్గం మళ్ళీ మొదలైంది.

గౌరి ఇంకో పాత నల్లకోటు తెచ్చుకుంది. ఈసారి ఎవరూ మొక్కలేని బొమ్మ కోసం వెతికింది. గుడ్లగూబ లక్ష్మి వాహనం. పుర్రెలు శివుడి మెడలోవి. పాముకు పాలు పోస్తారు. ఎలుక వినాయకుడిది. బల్లిని కూడా కంచికి పోయి తాకి వస్తారు. చివరికి ఏ బొమ్మా పెట్టకుండా, ఊడిన అతుకులు మాత్రం గట్టిగా కుట్టుకుని, తొడుక్కుని బయలుదేరింది.

గడప దగ్గర అవ్వ ఆపింది. కోటును పైనుంచి కింది దాకా చూసి మొహం చిట్లించింది.

“ఇంత బోసిగా ఉండాదే. ఏదన్నా కుట్టుకోకూడదా?”