నల్ల కందెన

మీ బండి ఇరుసుకు పూసే కందెన నల్లగా ఉంటుంది గదా, ఆ నలుపు ఎవరి సొత్తో చెప్పగలరా?

నవ్వకండి. నరసరావుపేటలో ఒక వర్తకుడు అది తనదన్నాడు. ఒక ప్లీడరు నిజమేనన్నాడు. ఆ ప్లీడరు దగ్గర గుమాస్తాగా ఉన్న నేను ఆ మాటను మంచి తెలుగులో కాగితం మీద పెట్టాను. ఇక్కడ నేను ఎవరిని తిట్టినా, ముందు నన్ను తిట్టుకున్నాకనే తిడుతున్నానని గ్రహించండి.

ఇవి యుద్ధం నడుస్తున్న రోజులు. సీమ నుంచి వచ్చే గ్రీజంతా పటాలాలకు పోతున్నది. బజారులో దొరకడం లేదు. ఆ వర్తకుడు అదను చూసి మన నాటు కందెననే డబ్బాల్లో పోసి, పైన ఎద్దుబొమ్మ కాగితం అంటించి, వినుకొండ నుంచి మాచర్ల దాకా అమ్మించాడు. సరుకు మంచిదే, అబద్ధం చెప్పను. ఆ ఎద్దుబొమ్మను కొత్తగా వచ్చిన ట్రేడ్‌మార్కు చట్టం కింద రిజిస్టరు చేయించుకోవాలని మా ప్లీడరు దగ్గరకు వచ్చాడు. అందులోనూ తప్పు లేదు. బొమ్మ అతను గీయించుకున్నది. ఇంకొకడు అదే బొమ్మ అంటించి అమ్మితే దాన్ని దొంగతనమనే అంటాను.

కాని అతని కడుపుమంట వేరు. సంతల్లో కందెన అమ్మేవాళ్ళు ఇంకా మిగిలి ఉన్నారు. బండివాళ్ళు బొమ్మ చూడరనీ, వేళ్ళతో రాసి నలుపు చూస్తారనీ, ఆ నలుపు చూసి అది తన సరుకేననుకొని ఎవరెవరి దగ్గరో కొంటున్నారనీ చెప్పుకొచ్చాడు.

"నలుపే నా గుర్తండీ. బొమ్మ దానెనకాల," అన్నాడు.

మా ప్లీడరు చట్టం పుస్తకం తిప్పి, ఒక గుర్తును ఫలానా రంగుకు పరిమితం చేసుకోవచ్చని రాసి ఉన్న చోట వేలు పెట్టాడు. బొమ్మ ఏ రంగులో ఉండాలో చెప్పే మాట అది. దాన్ని సరుకు రంగే నీదనే మాటగా తిప్పడానికి అతనికి ఒక పూట కూడా పట్టలేదు. అతను ఇంగ్లీషులో చెప్పాడు, నేను తెలుగులో నోటీసు రాశాను. "మా కక్షిదారు సరుకుకు విశిష్ట చిహ్నమైన నల్లని రంగు" అని మొదట రాసి, రంగు అన్న మాట కొట్టేసి వర్ణం అని దిద్దాను. బరువుగా ఉంటుందని. వితంతు వివాహాల మీద, అంటరానితనం మీద రీడింగురూములో ఎదుటివాడి నోరు మూయించడం నేర్చుకున్నవాణ్ణి. ఆ నేర్పంతా ఆ కాగితంలో పోశాను. చదివి మా ప్లీడరు మెచ్చుకున్నాడు. నేను సంతోషించాను కూడా.

నోటీసులు నలుగురికి పోయాయి. ముగ్గురేం చేశారో నాకు తెలియదు. నాలుగోది నకరికల్లు దగ్గర ఒక పల్లెలో ఉండే క్రైస్తవ వితంతువుకు చేరింది.

ఆమె కందెన ఎట్లా చేస్తుందో నోటీసు రాసేనాటికి నేను ఎరగను. తర్వాత వెళ్ళి చూశాను. ఆముదాలు వేయించి, దంచి, నీళ్ళలో వండి, పైకి తేలిన నూనె తీసేది. వరిగడ్డిని బండరాతి మీద తగలబెట్టి, మంట సగంలో ఉండగానే పైన పాత బాన బోర్లించేది. ఆ క్షణం దాటితే గడ్డి తెల్లబూడిద అవుతుంది. బూడిద ఎందుకూ కొరగాదు. నల్లగా ఉండగా ఆర్పితేనే మసి. దాన్ని మెత్తగా నూరి, గుడ్డలో జల్లించి, గోరువెచ్చటి ఆముదంలో కలిపేది. ఆముదం ఒక్కటే పూస్తే ఇరుసు మీద నిలవక కారిపోతుంది. మసి కలిస్తే పట్టుకొని ఉంటుంది.

ఆమెకు డబ్బా లేదు, బొమ్మ లేదు. సంతలో రైతులు ఎవరి వెదురుగొట్టం వాళ్ళు చాపితే, తాకకుండా పై నుంచి వేసేది. ఆమె చేతి మంచినీళ్ళు తాగనివాళ్ళే ఆమె చేతి మసిని బండికి పూసుకునేవాళ్ళు. ఇరుసుకు మైల అంటదు కాబోలు. తన గొట్టం తానే పట్టుకొని ఆమె ఎదురుగా నిలబడ్డ రైతు, ఎవరి సరుకు కొంటున్నాడో తెలియక మోసపోతున్నాడని నేను నోటీసులో రాశాను. రాసేటప్పుడు ఒక్కసారి సంతకు వెళ్ళి చూద్దామని నాకు తోచలేదు. కాగితం మీద వాదం నిలబడింది గదా, అంతే చాలనుకున్నాను.

ఆమెకు చదువు రాదు. ఆ పల్లె గుడిలో ప్రార్థనలు జరిపే ఉపదేశి చేత చదివించుకుంది. వర్ణమంటే ఏందని అడిగిందట, రంగని చెప్పాడట. నల్లరంగు వాడితే కచేరీకి ఈడుస్తారని తాత్పర్యం చెప్పి, పెద్దవాళ్ళతో మనకెందుకు, ఆ నలుపేదో మానుకొమ్మన్నాడట. నలుపు ఒకడిదెట్లా అవుతుందని ఆ ఇద్దరిలో ఒక్కరూ అనుకోలేదు. మన దేశంలో కాగితానికున్న మహిమ దేవుళ్ళకు లేదు. దేవుడు వరమివ్వకపోతే కనీసం సణుగుతారు. ముద్ర వేసిన కాగితం ముందు అదీ చేయరు.

ఆమె పని మానలేదు. మానితే తిండి లేదు. రంగు మార్చింది. మసి తీసేశాక ఆముదం చిక్కబడటానికి ఏదో ఒకటి కలపాలి గదా. గడపలకు పూసే జాజు, అదే ఎర్రమన్ను, ఇంట్లో ఉంది. మూడుసార్లు జల్లించి దాన్ని కలిపింది. ఎర్రటి కందెన తయారైంది. సంతలో అందరూ ముచ్చటపడ్డారట. ఒక బండివాడు గొట్టం చాపుతూ, "ఏంది పిన్నమ్మా, ఇరుసుకు పారాణి పెడతన్నావా?" అన్నాడట. ఆమె కూడా నవ్విందట.

ఆ పక్క ఊళ్ళో నాలుగు పల్లెల తగవులు తీర్చే మోతుబరి రైతు ఒకాయన ఉన్నాడు. ఆయన పాలేరు ఆ ఎర్ర కందెన పూసి, వేరుశనగ బస్తాలు వేసి, నరసరావుపేటకు బండి కట్టాడు. ఎన్నిసార్లు జల్లించినా మన్ను మన్నే. ఇరుసుకూ చక్రానికీ మధ్య అది ఆకురాయిలాగా పని చేసింది. చక్రం వేడెక్కి, కూసి, పొగలు కక్కి, పల్లంలో పట్టేసింది. బండి ఒక పక్కకు ఒరిగి ఒక ఎద్దు ముందుకాలు విరిగింది.

మర్నాడు ఆయన మనుషులను వెంటబెట్టుకొని ఆమె గుడిసె దగ్గరకు వచ్చి, కందెనంతా నేలపాలు చేయించి, ఆముదం వండే బాన పగలగొట్టించాడు. తగవుల్లో రెండు పక్షాలూ వినకుండా తీర్పు చెప్పడని ఆయనకు పేరు. ఎరుపెందుకు కలిపావని మాత్రం ఆమెను అడగలేదు. ఇరుగుపొరుగు వచ్చి, అంతా దాని తలరాత అన్నారట. తలరాత కాదు. నా చేతిరాత.

మూడోరోజు ఆమె నడిచి నరసరావుపేట వచ్చింది. మా ప్లీడరు గదిలో ఆ వర్తకుడు కుర్చీలో కూర్చొని ఉన్నాడు. ఆమె మెట్టు ఎక్కలేదు. కింద నిలబడి, కొంగుముడి విప్పి, నేను రాసిన కాగితం పైకి తీసింది. ఏడుస్తుందనుకున్నాను. లేకపోతే శాపనార్థాలు పెడుతుందనుకున్నాను.

"నలుపు ఎయ్యొద్దంటిరి. ఎరుపేస్తే ఎద్దు కాలిరిగె," అంది. "ఏ రంగెయ్యాల్నో మీరే ఈ కాయితం మీద రాసియ్యండయ్యా. అదే ఏస్తా."

మా ప్లీడరు నవ్వాడు.

"పసుపేసుకో పో. శుభంగా ఉంటది," అన్నాడు వర్తకుడు.

"పసుపేస్తే ఇరుసు మీద నిలబడుద్దా అయ్యా?" అని ఆమె నిజంగానే అడిగింది. వెక్కిరిస్తున్నాడని ఆమెకు తెలియలేదు.

నేను కలం కింద పెట్టి, మసి లేకుండా నిలబడదా పిన్నమ్మా అని అడిగాను. వెనకటి నోటీసులో ఆమె నాకు ప్రతివాది. పిన్నమ్మ అనడం అదే మొదలు.

"ఎట్టా నిలబడుద్దయ్యా. నలుపు నేనేసింది కాదు, గడ్డి కాలితే వొచ్చింది. మసి తీస్తే నలుపు పోద్ది. నలుపు పోతే కందెనే లేదు."

నేను వర్తకుడి వైపు తిరిగి, ఆయన డబ్బాలో ఏం కలుపుతారని అడిగాను. మసే కలుపుతామన్నాడు. ఒక్క డబ్బా మసి లేకుండా చేయించి మీ సొంత బండికి పూయిస్తారా అన్నాను.

"పిచ్చా ఏంది నీకు? అది పనిజెయ్యదు గదయ్యా," అన్నాడు.

అన్నాక గాని తానేమన్నాడో అతనికి తెలియలేదు. మా ప్లీడరుకు వెంటనే తెలిసింది. నన్ను నా పని చూసుకొమ్మని చెప్పి, ఆమెతో నిదానంగా, న్యాయం చెబుతున్నట్టే, "కందెన చేయొద్దని మేమన్నామా అమ్మా? నల్లగా చేయొద్దన్నాం. అంతే," అన్నాడు.

ఈ మాట నేను ఎక్కడో విన్నాను. నీళ్ళు తాగొద్దన్నామా, బావిలో చేద వేయొద్దన్నాం, అంతే. బడికి రావద్దన్నామా, అరుగెక్కొద్దన్నాం, అంతే. రీడింగురూములో ఆ వాదాన్ని వందసార్లు చీల్చి చెండాడిన నేను, అదే వాదాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఆమెకు పంపాను.

ఇందులో అర్థం కానంత చిక్కేమీ లేదు. గుర్తు చేసే పని, సరుకు ఎవరిదో చెప్పడం. మసి చేసే పని, ఇరుసు అరగకుండా చూడటం. ఆ వర్తకుడు తన డబ్బా మూతకు ఆకుపచ్చ పూసుకోనీ, చారలు గీసుకోనీ. అవి చెరిపేసినా లోపల కందెన కందెనగానే ఉంటుంది కనుక ఆ రంగులు అతనివేనని నేనూ ఒప్పుకుంటాను. దేన్ని తీసేస్తే సరుకే చెడుతుందో, దాన్ని ఒక్కడికి రాసివ్వడం మాత్రం గుర్తును కాపాడటం కాదు. అందరి పనినీ లాక్కొని అతని చేతిలో పెట్టడం. దీన్ని ఒప్పుకుంటే రేపు ఇంకొకడు వచ్చి నీలిమందు నీలం నాదంటాడు. అప్పుడు చాకలి తెల్లబట్టకు ఏం పెట్టి జాడిస్తాడు? సున్నం తెలుపు నాదని మరొకడంటే గోడలకు మట్టి పూసుకుంటామా?

ఆ వారమే నేను ఆ కొలువు మానేశాను. ఇది గొప్పగా చెప్పుకోవలసిన సంగతి కాదు. మానవలసింది నోటీసు రాయకముందు. ఆమె తరఫున జవాబు రాసి పంపాను. దావా పడలేదు. ఎట్లా పడుతుంది? ఆమె మళ్ళీ బాన సంపాదించుకొని నల్ల కందెనే చేస్తున్నది. కాని సంతలో ఆమె ముందు గొట్టం చాపేవాళ్ళు లేరు. ఎద్దు కాలు విరిచిన కందెన అని పక్కకు తప్పుకుంటున్నారు. పొద్దుగూకేదాకా కూర్చొని, తెచ్చిన బాన తెచ్చినట్టే నెత్తిన పెట్టుకొని పోతున్నది.

ఎద్దు పోగొట్టుకున్న పెద్దమనిషి దగ్గరకు వెళ్ళి జరిగిందంతా చెప్పాను. "కాయితం వొచ్చిందని నాతో ఒక ముక్క చెప్పొద్దా? నేనే ఆ షావుకారితో మాట్లాడేవాణ్ణి గదా," అన్నాడు. ఆమె మీ వాకిట్లోకి వచ్చి చెప్పగలిగేదా అన్నాను. చుట్ట వెలిగించుకున్నాడు.

ఇంతలో మా పాత ప్లీడరు ఊరుకోలేదు. నోటీసుకు బలం చాలలేదని, ఎద్దుబొమ్మతో పాటు కందెన నలుపును కూడా ఆ వర్తకుడి పేరిట రిజిస్టరు చేయమని దరఖాస్తు పెట్టించాడు. అది సర్కారు పత్రికలో అచ్చయింది. నా కళ్ళతో చూశాను. గడువులోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చని ఆ చట్టమే అంటున్నది. ఎవరూ చెప్పకపోతే నలుపు అతనిదవుతుంది. ఈసారి ఆమెకు వెళ్ళేది ఉత్త బెదిరింపు కాగితం కాదు, కోర్టు ఉత్తర్వు.

వచ్చే సంతనాడు నకరికల్లులో నేను ఆమె బాన పక్కనే అభ్యంతరపత్రం పెట్టుకొని కూర్చుంటాను. బండి ఉన్న ప్రతివాడూ రండి. మసి లేకుండా కందెన లేదని మీ బండి తోలిన అనుభవంతో చెప్పండి, రాసుకుంటాను. ఆమె బాన పగలగొట్టించిన పెద్దమనిషీ, అందరికంటే ముందు మీరు రండి. సంతకం వచ్చినవాళ్ళు సంతకం చేయండి, రానివాళ్ళు వేలిముద్ర వేయండి. గడువు దాటనీయకండి.