పొగ పోని కారు

ఈ సంగతి రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. ఇందులో నా పొరపాటు వల్ల బాధపడిన మనిషి దాన్ని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా షెడ్డు దగ్గర మాత్రం ఇదంతా నా ఘనతగా చెప్పుకుంటున్నారు. అలా నిలిచిపోవడం నాకు ఇష్టం లేదు. పైగా, సముద్రం ఒడ్డున బండ్లు బాగుచేసేవాళ్ళకు తెలియవలసిన విషయం ఇందులో ఒకటుంది.

మూడేళ్ళ కిందటి మే నెల. చేపల వేట నిషేధం నడుస్తున్న రోజులు. టెక్కలిలో నాది చిన్న మెకానిక్ షెడ్డు. బడి చదువు పదో తరగతితో ఆగింది. తర్వాతి చదువంతా శాఖా గ్రంథాలయంలోనే, ఇంగ్లీషు మోటారు పుస్తకం ఒక పక్క, నిఘంటువు ఇంకో పక్క పెట్టుకుని. ఆ గర్వం నాకుంది. అప్పట్లో ఇంకాస్త ఎక్కువే ఉండేది.

భావనపాడు నుంచి పోలమ్మ ఫోను చేసింది. ఆమెది ఎండుచేపల వ్యాపారం. భర్త అప్పన్న ముప్పై ఏళ్ళు బోటు ఇంజను నడిపిన మనిషి. మూత్రపిండాలు పాడై, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు టెక్కలి వస్తున్నాడు. ఆటో కుదుపులకు తట్టుకోలేడని ఒక పాత పెట్రోలు కారు కొన్నారు. నడిపేది మరిది కామేశు. ఆ కారు స్టార్టవుతోంది గాని లాగడం లేదు, కాసేపటికే ఆగిపోతోంది. అందుకని నేనే వాళ్ళింటికి వెళ్ళాను.

"ఏటి బావూ, రేపు ఈయన్ని ఆసుపత్రికి తీసుకెల్లాల. తోవలో ఆగిపోతే నువ్వొచ్చి మోస్తావేటి?" అంది పోలమ్మ, నేను ఇంకా బండి దిగకుండానే.

ఎయిర్ ఫిల్టరు దులిపాను, స్పార్క్ ప్లగ్గులు మార్చాను, పెట్రోలు వచ్చే దారి చూశాను. మధ్యాహ్నమైంది. లాభం లేదు. ఎక్కడో ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంటే, వైర్లేమోనని గంటసేపు వెతికాను. చివరికి వెనక సైలెన్సర్ గొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూస్తే, పొగ జ్వరం మనిషి ఊపిరిలా నీరసంగా తగిలింది.

అప్పుడు వ్యాక్యూమ్ గేజ్ తగిలించాను. ఇంజను గాలిని ఎంత బలంగా పీలుస్తోందో చూపించే ముల్లు అది. ఇంజను వేగం పెంచి అలాగే పట్టి ఉంచితే, ముల్లు మెల్లమెల్లగా కిందికి దిగిపోయింది. అంటే లోపలి పొగకు బయటికి దారి లేదు, అది ఇంజను మీదకే తిరిగి నెడుతోంది. దీన్నే బ్యాక్ ప్రెషర్ అంటారు. ఈ పరీక్ష నాకు ఏ గురువూ నేర్పలేదు. పుస్తకంలో చదివింది కళ్ళముందు జరుగుతుంటే ఒళ్ళు పులకరించింది.

ఇంజను చల్లారాక, క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందున్న జాయింటు వదులు చేశాను. పొగలోని విషాన్ని తగ్గించే డబ్బా అది. మళ్ళీ స్టార్టు చేయగానే ఇంజను గట్టిగా అందుకుంది. "కన్వర్టర్ మూసుకుపోయింది. కొత్తది విశాఖ నుంచి రావాలి, నాలుగు రోజులు పడుతుంది," అని చెప్పేశాను.

నిజానికి అడ్డు కన్వర్టర్‌లోనా, దాని వెనకా అని తేలాలంటే వెనక జాయింటు కూడా విప్పి చూడాలి. ఉప్పుగాలికి దాని నట్లు తుప్పుపట్టి బిగిసిపోయాయి. నేను అలసిపోయాను. పుస్తకంలో మొదటి కారణంగా కన్వర్టర్ పేరే ఉంది కదా అనుకున్నాను.

"మరి రేపో?" అంది పోలమ్మ.

"జాయింటు ఇలాగే వదులుగా ఉంచుతాను. అద్దాలు దించుకుని వెళ్ళండి," అన్నాను. నా పాతికేళ్ళ పనిలో నేను అన్న మాటల్లో వెనక్కి తీసుకోగలిగితే తీసుకునేది అదే.

మర్నాడు సాయంత్రం కామేశు ఫోను. "అన్నకి తల పగిలిపోతన్నాదట. రెండుసార్లు కక్కీసాడు. నాకూ తల తిరగతన్నాది."

"అద్దాలు దించలేదా?"

"డయాలసిస్ అయ్యాక సలి వస్తాది కదా బావూ. మూసీసినాం."

ఆ మాట నాకు తెలియదు. అడగనూ లేదు. వదులు జాయింటులోంచి వచ్చిన విషపు పొగ కారులోనే నిలిచిపోయింది. వాళ్ళిద్దరినీ వెంటనే ఆసుపత్రిలో చూపించమని, ఆ కారు మళ్ళీ ముట్టుకోవద్దని చెప్పాను. డాక్టరు ఆక్సిజన్ పెట్టి, తెల్లారాక పంపించారు. ఆ రాత్రి నేను అన్నం ముందు కూర్చుని లేచిపోయాను.

వాళ్ళు ఇల్లు చేరాక వెళ్ళి, కామేశూ నేనూ కలిసి తుప్పు నట్లు విప్పాం. ముందు జాయింటు బిగించి, వెనకది విప్పి స్టార్టు చేస్తే ఇంజను హాయిగా తిరిగింది. కన్వర్టర్‌కు ఏమీ కాలేదు. అడ్డు దాని వెనక ఉంది. గొట్టంలోకి వంపు తిప్పిన తీగ పంపి లాగితే, నల్లగా కాలి కరిగిన ముద్ద వచ్చింది. ఒక అంచున ఆకుపచ్చ వల దారం.

మంచం మీంచి అప్పన్న చూశాడు. "అది నాదే."

ఒడ్డుకు లాగిన బోటుకు ఇసుక, జల్లు లోపలికి పోకుండా పొగగొట్టంలో వలపీలికల ఉండ కుక్కడం అక్కడి అలవాటు. కారుకూ రోజూ సాయంత్రం కుక్కుతున్నాడు. ఇంటి దగ్గర ఆయన చేయగలిగిన పని అదొక్కటే మిగిలింది.

"నాను బండెట్టగానే కుక్కీసినాను కదా!" అన్నాడు కామేశు.

"నాకు సెప్పినావేట్రా?"

అన్నకు చూపు సరిగా ఆనదు. ఒక సాయంత్రం తమ్ముడు పెట్టిన ఉండ మీద ఇంకోటి పెట్టి కర్రతో దట్టించాడు. మర్నాడు పొద్దున తమ్ముడు ఒకటి లాగేసి, అంతా వచ్చేసిందనుకున్నాడు.

"ముప్పై ఏళ్ళు ఇంజను నడిపినాడంట!" అంది పోలమ్మ. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వైనా అడగాల కదా బావూ," అంది.

నేను కారును అడిగాను, పుస్తకాన్ని అడిగాను. సాయంత్రం బండి ఆగాక దాన్ని ఎవరు ముట్టుకుంటారని మాత్రం ఇంట్లోవాళ్ళను అడగలేదు. ఇప్పుడు ఏ బండి వచ్చినా మొదటి ప్రశ్న అదే. పొగగొట్టం జాయింటు వదులుగా ఉంచి మాత్రం ఎవరినీ పంపను.

ఆ పుస్తకం నాకోసం మూడుసార్లు గడువు పెంచిన గ్రంథపాలకురాలు సావిత్రిగారికి నా కృతజ్ఞతలు. తల తిరుగుతున్నా నట్లు విప్పిన కామేశుకు, అనవలసిన మాట మొహం మీదే అన్న పోలమ్మకు కూడా. అప్పన్నకు అందరికంటే ఎక్కువ. ఆయన ఇప్పటికీ ఉండ కుక్కుతున్నాడు. కాకపోతే దానికి తాడు కట్టి, తాడు చివర వల నీటిమీద తేలడానికి కట్టే ఎర్రటి బెండు, దానికి కారు తాళంచెవి కట్టాడు. ఉండ లాగనిదే తాళంచెవి రాదు. ఈ ఉపాయం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.